జర్మనీకి ఉద్యోగ వీసా: ముందు మీ కాగితాలు ముందేసుకుని కూర్చోండి

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అంతకుముందు జర్మనీ ఊసే ఎత్తనివాళ్లు కూడా ఆ తర్వాత నాకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. అందరి ప్రశ్నా ఒకటే: "బ్లూ కార్డా, ఆపర్చునిటీ కార్డా, ఏది వేస్తే తొందరగా పనవుతుంది?"

జర్మనీ వీసా చీరల కొట్లో లాగా ఒక్కోటీ విప్పించి చూసి ఎంచుకునేది కాదు. మీ డిగ్రీ ఎక్కడిది, ఉద్యోగ ఒప్పందం చేతికొచ్చిందా, అందులో జీతం ఎంత, భాష ఎంతవరకు వచ్చు? ఈ నాలుగింటికీ జవాబులు రాసుకుంటే వీసా పేరు దానంతటదే తేలిపోతుంది. మా బంధువుల అబ్బాయి ఒకడు చేతిలో బీటెక్ పట్టా, జర్మన్ కంపెనీ ఆఫర్ రెండూ పెట్టుకుని, ఒక కన్సల్టెన్సీ మాట విని ఆపర్చునిటీ కార్డుకు డబ్బు కట్టాడు. ఆ కార్డు ఉద్యోగం లేనివాళ్లు అక్కడికి వెళ్లి వెతుక్కోవడానికి. వాడికి కావాల్సింది డిగ్రీ, ఉద్యోగం రెండూ ఉన్నవాళ్లకిచ్చే బ్లూ కార్డు. అది తెలిసేసరికి నాలుగు నెలలు పోయాయి.

తలుపులు మునుపటికంటే బాగా తెరుచుకున్న మాట నిజమే. 2022 డిసెంబరులో రెండు దేశాల మధ్య వలస ఒప్పందం కుదిరింది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా జర్మనీ తన నైపుణ్య వలస చట్టాన్ని మూడు విడతల్లో సడలించింది. 2024 అక్టోబరులో అప్పటి ఛాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ ఢిల్లీకి వచ్చిన సందర్భంలో, భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్య 20,000 నుంచి 90,000కు పెంచుతున్నారన్న ప్రకటన వెలువడింది. కాగితాలు అడగడం మాత్రం మానలేదు.

మొదటి పని: మీ డిగ్రీని అనాబిన్‌లో వెతకండి

రెజ్యూమే దిద్దుకోవడం తర్వాత. ముందు అనాబిన్ తెరవండి. విదేశీ విశ్వవిద్యాలయాలకు, డిగ్రీలకు జర్మనీలో ఎంత విలువ ఉందో చెప్పే ప్రభుత్వ డేటాబేస్ అది. సైటు జర్మన్‌లో ఉంటుంది, బ్రౌజర్ అనువాదం పెట్టుకుంటే సరిపోతుంది. అందులో రెండు విషయాలు చూడాలి.

ఒకటి, విశ్వవిద్యాలయం హోదా. హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. హెచ్ మైనస్ అంటే లేదు. హెచ్ ప్లస్ మైనస్ అని ఉంటే విడిగా పరిశీలన చేయించుకోవాలి. మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కాలేజీ పేరు కొడతారు, దొరకదు, గుండె జారిపోతుంది. వెతకాల్సింది పట్టా మీద ఎవరి ముద్ర ఉందో ఆ పేరు. ఘట్‌కేసర్‌లోనో గుడ్లవల్లేరులోనో చదివినా పట్టా ఇచ్చింది జేఎన్‌టీయూ అయితే జేఎన్‌టీయూ పేరుతోనే వెతకాలి. అటానమస్ కాలేజీలవాళ్లు కూడా పట్టా కాగితం తీసి పైన ఏ విశ్వవిద్యాలయం పేరుందో చూసుకోండి.

రెండు, డిగ్రీ పేరు. బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ అని వెతికితే జర్మన్ డిగ్రీతో సమానమా కాదా అన్నది వస్తుంది. మూడేళ్ల బీఎస్సీ, బీకాం చదివినవాళ్లు ఈ భాగాన్ని జాగ్రత్తగా చూడాలి. విశ్వవిద్యాలయానికి హెచ్ ప్లస్ ఉన్నంత మాత్రాన అది ఇచ్చే ప్రతి డిగ్రీ సమానమైపోదు.

రెండూ అనుకూలంగా వస్తే ఆ రెండు పేజీలను ప్రింట్ తీసి ఫైలులో పెట్టండి. వీసాకు అవే సాక్ష్యం. ఏ ఒక్కటి తేడా వచ్చినా, బాన్ నగరంలోని విదేశీ విద్యా కేంద్ర కార్యాలయం నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి. దాన్ని అందరూ జెడ్‌ఏబీ అంటారు. రుసుము 208 యూరోలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దీనికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఉద్యోగ వేటకంటే ముందే మొదలుపెట్టాలి. ఆఫర్ వచ్చాక జెడ్‌ఏబీకి పరిగెత్తితే కంపెనీ మీకోసం కూర్చోదు.

మన చదువు కాగితాలు అసలైనవేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2022 నవంబరు నుంచి అది విద్యార్థి వీసాకు తప్పనిసరి. ఉద్యోగ వీసాకు అక్కర్లేదు. "ఏపీఎస్ మేం చేయిస్తాం" అని ఉద్యోగ వీసా అభ్యర్థి దగ్గర డబ్బు అడిగితే వాళ్లకు పని తెలియదన్నమాట, లేదా మీకు తెలియదని వాళ్లకు తెలిసిందన్నమాట.

రెండో పని: మీ గడి ఏదో తేల్చుకోండి

డిగ్రీకి గుర్తింపు ఉండి, ఉద్యోగ ఒప్పందం కూడా ఉంటే బ్లూ కార్డు. అప్పుడిక వేరే ఆలోచనే వద్దు. కనీసం ఆరు నెలల ఒప్పందం ఉండాలి, జీతం పరిమితి దాటాలి. ఈ పరిమితి ఏటా జనవరిలో మారుతుంది. 2025లో ఏడాదికి 48,300 యూరోలుండేది, 2026కు 50,700 అయింది. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం లాంటి కొరత వృత్తులవాళ్లకు, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటని కొత్తవాళ్లకు తక్కువ పరిమితి: 2026లో 45,934.20 యూరోలు. ఈ తక్కువ పరిమితి మీద వెళ్తే జర్మనీ ఫెడరల్ ఉపాధి సంస్థ ఆమోదం అవసరం. వీసా అధికారులే అడిగి తెప్పిస్తారు, కాకపోతే కొన్నాళ్లు అదనంగా పడుతుంది.

జీతం విషయంలో మన లెక్కలు పనికిరావు. సీటీసీ అనే మాట అక్కడ లేదు. ఒప్పందంలో రాసిన స్థూల జీతమే లెక్క. యజమాని కట్టే బీమా, పింఛను వాటాలు దానికి బయట ఉంటాయి. గ్యారంటీ లేని బోనస్, వేరియబుల్ పే పరిమితి లెక్కలోకి రావు. 48,000 స్థిర జీతం, 5,000 వేరియబుల్ అని ఆఫర్ ఇస్తే దాన్ని 53,000 అని సంబరపడకండి. ఇంకోటి, 50,700 మీద పెళ్లికాని మనిషికి పన్నులు, బీమాలు పోను నెలకు చేతికందేది 2,700 యూరోలకు కాస్త అటూఇటూ. మ్యూనిక్‌లో ఇంటి అద్దె కట్టాక అందులో ఎంత మిగులుతుందో అక్కడున్న స్నేహితులను అడిగి, ఆ తర్వాతే ఇంటికి నెలకు ఎంత పంపగలరో మాటివ్వండి.

డిగ్రీ లేకుండా ఐటీలో ఉన్నవాళ్లకూ బ్లూ కార్డు వస్తుందని చాలామందికి తెలియదు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ పని చేసి ఉండాలి, జీతం ఆ తక్కువ పరిమితి దాటాలి. బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయి పట్టా అందకపోయినా, పనిలో మాత్రం ఆరితేరిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఇది వాళ్లకోసమే అన్నట్టుంటుంది.

జీతం పరిమితికి అందకపోతే మామూలు నిపుణుల వీసా. చట్టంలో 18బీ సెక్షన్ కాబట్టి జనం పద్దెనిమిది బీ అనే అంటారు. దీనికి ప్రత్యేక జీత పరిమితి లేదు, ఆ ఊళ్లో ఆ పనికి ఇచ్చే జీతం ఇస్తే చాలు. 45 ఏళ్లు దాటి మొదటిసారి వెళ్లేవాళ్లకు మాత్రం 2026లో 55,770 యూరోలుండాలి, లేదా తగినంత పింఛను ఏర్పాటు చూపాలి. ఇందులో మనకు పెద్ద వెసులుబాటు ఒకటుంది. 2023 నవంబరు మార్పుల తర్వాత చదివిన బ్రాంచికీ చేసే ఉద్యోగానికీ నేరుగా సంబంధం ఉండాలన్న పట్టింపు పోయింది. మెకానికల్ చదివి జావా రాసుకునే తెలుగువాళ్ల సంఖ్య తెలిసే ఈ సవరణ చేశారా అనిపిస్తుంది. వైద్యం, నర్సింగ్ లాంటి లైసెన్సు వృత్తులకు ఈ సడలింపు వర్తించదు.

డిగ్రీకి జర్మన్ గుర్తింపు రాకపోయినా, పాలిటెక్నిక్ డిప్లొమా మాత్రమే ఉన్నా, అనుభవం దారి ఉంది. మన దేశంలో ప్రభుత్వ గుర్తింపున్న కనీసం రెండేళ్ల కోర్సు, గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవం, 2026 లెక్కన 45,630 యూరోల జీతం ఉండాలి. డిప్లొమా మన దగ్గర గుర్తింపు ఉన్నదేనని జెడ్‌ఏబీ నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి.

ఆన్‌సైట్ మీద పంపే సర్వీస్ కంపెనీలు వాడేది ఐసీటీ కార్డు, అంటే సంస్థలోపలి బదిలీకి ఇచ్చే అనుమతి. సంస్థలో కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి, మేనేజర్లకు, స్పెషలిస్టులకు గరిష్ఠంగా మూడేళ్లు. ప్రాజెక్టు అయిపోతే తిరుగు టికెట్టే. అక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే దీన్ని నమ్ముకోకుండా బ్లూ కార్డు కిందకు వచ్చే స్థానిక ఒప్పందం ఇమ్మని కంపెనీని ముందే అడగండి.

నర్సులు, ఎలక్ట్రీషియన్లు, ఇతర వృత్తి పనివాళ్ల కథ వేరు. వీళ్లకు వీసాకంటే ముందు వృత్తి గుర్తింపు కావాలి. నర్సింగ్‌కు పనిచేయబోయే రాష్ట్రంలోని అధికారులు, వాణిజ్య-పరిశ్రమల వృత్తులకు న్యూరెంబర్గ్‌లోని ఐహెచ్‌కే ఫోసా ఆ గుర్తింపు ఇస్తారు. జర్మన్ భాష లేకుండా నర్సుకు పని లేదు. భాషా స్థాయిలు ఏ1తో మొదలై ఏ2, బీ1, బీ2, సీ1 అంటూ పెరుగుతాయి. బీ1 దాకా ఇక్కడ, బీ2 అక్కడ అన్నది సాధారణంగా నడిచే పద్ధతి. 2024 మార్చి నుంచి గుర్తింపు భాగస్వామ్యం అనే పద్ధతి కూడా వచ్చింది: ఏ2 జర్మన్, యజమానితో ఒప్పందం ఉంటే అక్కడికి చేరాక పనిచేస్తూ గుర్తింపు పూర్తి చేసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వం నడిపే విదేశీ నియామక సంస్థలు. నర్సింగ్ చదివిన ఆడపిల్లలను గల్లీ ఏజెంటు చేతిలో పెట్టేముందు ఆ రెండు గడపలూ ఒకసారి తొక్కండి.

ఉద్యోగం లేకపోతే: ఆపర్చునిటీ కార్డు

దీన్ని జర్మన్‌లో ఛాన్సెన్‌కార్టె అంటారు. 2024 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ఏడాదిపాటు అక్కడుండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి. వారానికి 20 గంటల దాకా పార్ట్‌టైమ్ పని, రెండేసి వారాల ట్రయల్ పని చేసుకోవచ్చు.

పాయింట్లు, పాయింట్లు అని యూట్యూబంతా హోరెత్తుతోంది కానీ, మీ డిగ్రీకి అనాబిన్‌లో పూర్తి గుర్తింపు ఉంటే పాయింట్లతో పనే లేదు. నిపుణుల కోవలో నేరుగా అడగవచ్చు. పూర్తి గుర్తింపు లేనివాళ్లకే ఆ పట్టిక. వాళ్లకు ముందు అర్హత: కనీసం రెండేళ్ల గుర్తింపు ఉన్న కోర్సు, దాంతోపాటు ఏ1 జర్మన్ లేదా బీ2 ఇంగ్లీషు. ఆ తర్వాత ఆరు పాయింట్లు కూడబెట్టాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మెకానికల్ డిప్లొమా చేసి, 33 ఏళ్ల వయసులో, అదే రంగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషి. వయసు 35 దాటలేదు కాబట్టి 2. గత ఏడేళ్లలో ఐదేళ్ల అనుభవం ఉంది కాబట్టి 3. మొత్తం 5. ఇంగ్లీషు బీ2 అర్హతకు సరిపోయింది గానీ పాయింటు తేదు, సీ1 ఉంటేనే ఒకటి వస్తుంది. ఇక్కడ ఆగిపోయినవాడు ఏ2 జర్మన్ పాసైతే ఒక పాయింటు వచ్చి ఆరు పూర్తవుతాయి. బీ1 అయితే 2, బీ2 అయితే 3. పాక్షిక గుర్తింపు పత్రం తెచ్చుకుంటే ఒకేసారి 4. వృత్తి కొరత జాబితాలో ఉంటే ఒకటి, గత ఐదేళ్లలో జర్మనీలో ఆరు నెలలు ఉండి ఉంటే ఒకటి, భార్య లేదా భర్త కూడా అర్హులై కలిసి దరఖాస్తు చేస్తే ఒకటి. వయసు 35 నుంచి 40 మధ్య అయితే ఒక్క పాయింటే. అనుభవం గత ఐదేళ్లలో రెండేళ్లే ఉంటే 2.

డబ్బు చూపించాలి. 2025 లెక్కలో నెలకు 1,091 యూరోల చొప్పున ఏడాదికి 13,092 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో వేయాలి. అక్కడికి వెళ్లాక నెల నెలా అందులోంచి ఇస్తారు. పార్ట్‌టైమ్ ఉద్యోగ ఒప్పందం ముందే ఉంటే ఆ మేరకు తగ్గించి చూపవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు డబ్బు మీ పేరు మీద, మీ బ్యాంకు నుంచే పంపండి. ఎవరో అప్పుగా వేసి వీసా రాగానే వెనక్కి లాక్కునే ఏర్పాటుకు ఒప్పుకుంటే అక్కడ మొదటి నెల అద్దెకే దిక్కుండదు.

నా మాట నిక్కచ్చిగా చెప్తాను. హైదరాబాద్‌లో మంచి జీతం ఉన్న ఉద్యోగం వదిలి, జర్మన్ ముక్క రాకుండా, ఈ కార్డు మీద విమానం ఎక్కడం నాకు నచ్చదు. భాష రానివాడికి ఏడాది ఎంత తొందరగా కరిగిపోతుందో అక్కడున్నవాళ్లకే తెలుసు. సాధారణంగా కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలూ ఉండదు. బీ1 చేతిలో ఉండి, మీ రంగంలో ఇంటర్వ్యూలు రావడం మొదలై, ముఖాముఖి కలిస్తే పని అయిపోతుందన్న దశలో ఉన్నవాళ్లకు మాత్రం ఇది బంగారం. ఉద్యోగం దొరికితే అక్కడే బ్లూ కార్డుకు మారవచ్చు, ఇండియాకు తిరిగి రానక్కర్లేదు.

మూడో పని: ఉద్యోగం, భాష

మేక్ ఇట్ ఇన్ జర్మనీ అని జర్మన్ ప్రభుత్వమే నడిపే పోర్టల్ ఉంది, వీసా వివరాలు, ఉద్యోగాలు రెండూ అందులో ఉంటాయి. ఫెడరల్ ఉపాధి సంస్థ ఉద్యోగ పేజీ, లింక్డిన్, స్టెప్‌స్టోన్, జింగ్ చూస్తుండండి. రెజ్యూమే రెండు పేజీలు మించొద్దు. మన దగ్గర రాసుకునే ఆరు పేజీల ప్రాజెక్టుల చిట్టా అక్కడ ఎవరూ చదవరు. తేదీల మధ్య ఖాళీలుంటే దాచకండి, ఒక్క లైనులో కారణం రాయండి.

ఇక్కడొక చేదు మాట. అమీర్‌పేట గదుల్లో తయారయ్యే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లను జర్మనీ ఫైలులో పెట్టకండి. జీతం చీటీలు, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, రిలీవింగ్ లెటర్ ఒకదానికొకటి సరిపోవాలి. తప్పుడు వివరాలిస్తే వీసా తిరస్కరించడంతో ఆగదు, అక్కడికి చేరాక బయటపడినా నివాస అనుమతి రద్దు చేసే అధికారం వాళ్లకుంది.

భాష గురించి: ఐటీ బ్లూ కార్డుకు చట్టం జర్మన్ అడగదు. అయినా మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్ ఉంది, చెన్నైలో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది. ఎక్కడ నేర్చుకున్నా పరీక్ష మాత్రం గోథె, టెల్క్, ఓఎస్‌డీ లాంటి గుర్తింపు ఉన్నదే రాయాలి. బీ1 ఉంటే బ్లూ కార్డు మీద 21 నెలలకే శాశ్వత నివాసం అడగవచ్చు, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు. ఆరు నెలల తేడా ఒక్క పరీక్షతో వస్తుంది.

నాలుగో పని: ఫైలు

ఇప్పుడు దరఖాస్తు జర్మన్ విదేశాంగ శాఖ కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్‌లో మొదలవుతుంది. ఫారం నింపి, కాగితాలు అప్‌లోడ్ చేస్తే వాళ్లు ముందుగా చూసి, లోపముంటే చెప్పి, ఆ తర్వాత వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో వేలిముద్రలకు పిలుస్తారు. వీసా రుసుము 75 యూరోలు, సేవా రుసుము అదనం.

ఫైలులో ఉండాల్సినవి: పాస్‌పోర్టు, సంతకాలైన ఒప్పందం, ఉద్యోగ వివరాల ప్రకటన అనే అధికారిక ఫారం (ఇది యజమాని నింపి పంపాలి, మనం కాదు), పట్టా, మార్కుల జాబితాలు, అనాబిన్ ప్రింట్లు లేదా జెడ్‌ఏబీ పత్రం, రెజ్యూమే, పాత ఉద్యోగాల లెటర్లు, ఉద్యోగంలో చేరేదాకా చెల్లే ఆరోగ్య బీమా. బీమా వెళ్లే తేదీ నుంచే మొదలవ్వాలి. ఒక్క రోజు ఖాళీ ఉన్నా వెనక్కి పంపుతారు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పట్టాలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. జర్మన్ వ్యవస్థకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం అస్సలు అర్థం కాదు. బ్యాంకు ఖాతా నుంచి పిల్లల జనన పత్రం దాకా ప్రతిచోటా అది మీ వెంటపడుతుంది. వీసాకు ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరును దాని గడిలో పెట్టించుకోండి. పెళ్లయినవాళ్లు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వివాహ ధ్రువపత్రం తీసుకోండి, ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉండాలి. పెళ్లిపత్రికా, ఫొటో ఆల్బమూ దానికి బదులు కావు.

ఒక దేశపు పత్రం వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర అపోస్టిల్, దాని గురించి ఒక మాట. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది గానీ, భారత్ విషయంలో దానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకే మన దగ్గర వేయించిన అపోస్టిల్ ముద్ర అక్కడ అధికారిక ధ్రువీకరణగా చెల్లదు. జనన, వివాహ పత్రాల మీద అనుమానం వస్తే వాళ్లే స్థానికంగా విచారణ చేయిస్తారు, ఖర్చు మనదే. "అన్ని సర్టిఫికెట్లకూ అపోస్టిల్ తప్పనిసరి" అని ఎవరైనా వేలల్లో బిల్లు వేస్తే చెల్లించేముందు అధికారిక చెక్‌లిస్టు చూడండి.

తొందరగా కావాలంటే కంపెనీని అడగండి. నిపుణుల వేగవంతమైన ప్రక్రియ అని ఒకటుంది. యజమాని అక్కడి విదేశీయుల కార్యాలయంలో 411 యూరోలు కట్టి ముందస్తు ఆమోదం తెస్తాడు. ఆ కాగితం వచ్చాక ఇక్కడ మూడు వారాల్లోగా అపాయింట్‌మెంట్ ఇవ్వాలి. చిన్న కంపెనీల హెచ్‌ఆర్‌కు ఈ సంగతి తెలియకపోవచ్చు. మర్యాదగా మీరే గుర్తుచేయండి.

తిరస్కరణ వస్తే పరిస్థితి మునుపటిలా లేదు. పునఃపరిశీలన కోరుతూ ఉత్తరం రాసే సదుపాయాన్ని 2025 జూలై 1 నుంచి తీసేశారు. లోపం సరిదిద్ది కొత్తగా దరఖాస్తు చేయాలి, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానానికి వెళ్లాలి. అందుకే మొదటి ఫైలే గట్టిగా ఉండాలి.

ఏజెంటు ద్వారా ఉద్యోగానికి వెళ్తుంటే కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్సు చూడండి. రిజిస్టర్డ్ నియామక ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షల్లో అడిగేవాడు చట్టం బయట ఉన్నాడు.

కుటుంబం

బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు లేదా భర్తకు ఏ1 జర్మన్ అక్కర్లేదు, అక్కడికి చేరిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు ఇచ్చే హెచ్4 వీసా మీద ఏళ్లకేళ్లు ఇంట్లో కూర్చున్న ఇంజినీరు ఆడపడుచులను చూసినవాళ్లకు ఈ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. వీలైతే అందరి దరఖాస్తులూ ఒకేసారి పెట్టండి.

అమ్మానాన్నలను తీసుకెళ్లే దారి 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి నిపుణుల అనుమతి పొందినవారికి తెరుచుకుంది. అయితే వాళ్ల ఖర్చుతోపాటు ఆరోగ్య బీమా కూడా మీరే చూపాలి. పెద్ద వయసువాళ్లకు ఆ బీమా దొరకడమే అసలు గండం.

పౌరసత్వం ఐదేళ్లకు అడగవచ్చు. మూడేళ్ల దారిని 2025 అక్టోబరులో మూసేశారు. జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు అప్పగించాల్సిందే, ఆ తర్వాత విదేశీ పౌరులైన భారతీయ మూలాలవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు దీని గురించి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఓసీఐ మీద కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

దిగాక మొదటి రెండు వారాలు

చిరునామా నమోదుకు గడువు రెండు వారాలు. దాన్ని ఆన్‌మెల్‌డుంగ్ అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం లేకుండా అది జరగదు. తాత్కాలికంగా గది తీసుకుంటున్నప్పుడే "నమోదు పత్రం ఇస్తారా?" అని అడిగి డబ్బు కట్టండి. చాలామంది ఇవ్వరు. ఆ ఫారంలో మతం అనే గడి ఉంటుంది. కాథలిక్ అనో ప్రొటెస్టంట్ అనో రాస్తే ఆదాయపు పన్ను మీద ఎనిమిది లేదా తొమ్మిది శాతం చర్చి పన్ను పడుతుంది. మన క్రైస్తవ కుటుంబాల నుంచి వెళ్లేవాళ్లు ఆ గడి సంగతి తెలిసే నింపాలి.

నమోదు కాగానే విదేశీయుల కార్యాలయంలో బ్లూ కార్డుకు అపాయింట్‌మెంట్ అడగండి. పాస్‌పోర్టులో వేసింది ప్రవేశ వీసా మాత్రమే, అసలు కార్డు అక్కడ ఇస్తారు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ ఆలస్యమవుతుంది. వీసా గడువు ముగిసేలోపు దరఖాస్తు పెట్టిన రుజువు మీ దగ్గర ఉంటే తాత్కాలిక పత్రం ఇస్తారు. ఉద్యోగంలో చేరాక మొదటి 12 నెలల్లో కంపెనీ మారితే ఆ కార్యాలయానికి ముందుగా తెలపాలి.

పన్ను గుర్తింపు సంఖ్య, బీమా కార్డు, బ్యాంకు పిన్, అన్నీ పోస్టులోనే వస్తాయి. ఇంటి నంబరు చూసి ఇచ్చిపోయే పోస్ట్‌మన్ అక్కడ ఉండడు. పెట్టె మీద పేరు చూసి వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. తాళం చేతికొచ్చిన రోజే, నమోదు ఫారంలో ఇంటిపేరు ఎలా రాశారో అచ్చం అలాగే ఒక చీటీ మీద రాసి ఆ డబ్బాకు అంటించండి.